అపశ్రుతి నుంచి శుశ్రూష దాకా

తెలుగు పత్రికల్లో ‘అపశ్రుతి’ అనే మాట సంగీత సమీక్షల్లో కన్నా జిల్లా పేజీల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. రథోత్సవంలో అపశ్రుతి, పెళ్లి వేడుకలో అపశ్రుతి, నిమజ్జనంలో అపశ్రుతి. రథం ఇరుసు విరిగిందనో, పందిరి కూలిందనో, ఎవరో నీళ్లలో జారిపోయారనో అర్థం. శీర్షికకు చోటు చాలని సబ్‌ఎడిటర్లకు అక్కరకొచ్చే మాట. దాని వెనక గట్టి నమ్మకమొకటి ఉంది. వేడుకంటే అందరూ ఒక్క శ్రుతిలో ఉండటమనీ, శ్రుతి తప్పితే కీడనీ. తంబురా ముట్టుకోనివాళ్లు కూడా ఆ అర్థాన్ని ఇట్టే పట్టుకుంటారు.

నా పేచీ ఆ నమ్మకంతోనే. గత అరవై డెబ్బై ఏళ్లలో పడమటి దేశాల్లో కొందరు సంగీతకారులు చేసిన సాహసాలున్నాయి. మొదటిసారి వింటే మనవాళ్లలో ఎక్కువమంది ‘ఇదేం గోల’ అనేవే. ఓపిక పట్టి విన్నవాళ్లకు మాత్రం భక్తిగీతాల క్యాసెట్టు ఇవ్వలేనిదేదో వాటిలో దొరుకుతుంది. ఒళ్లు తేలికవుతుంది, కాలం సాగిపోతుంది, వింటున్నది తామో మరెవరో అన్న సందేహం వస్తుంది. అది ఎందుకు అలా పనిచేస్తుందో చెప్పే మాటల కోసం వెతికితే, అవి మన ‘శ్రుతి’ కుటుంబంలోనే కనబడ్డాయి.

ముందు వర్ణక్రమం సంగతి. ‘శ్రు’ ధాతువుకు వినడమని అర్థం. దాని నుంచి శ్రుతి. చాలామంది శృతి అని రాస్తారు. ఆడపిల్లల పేర్లలో అదే స్థిరపడిపోయింది. తప్పే కానీ, మరీ దండించాల్సిన తప్పు కాదు. అదే ధాతువు సంస్కృతంలో వర్తమాన కాలానికి వచ్చేసరికి శృణోతి అవుతుంది. విన్నదాంట్లో శ్రు ఉంటే, వింటున్నదాంట్లో శృ ఉంది. ఇక చుట్టాలు: శ్రోత, శ్రవణం, లోకం చెప్పుకునే జనశ్రుతి, నలుగురూ విన్న పేరు గలవాడు విశ్రుతుడు, చాలా విన్నవాడు బహుశ్రుతుడు. పండితుడిని ‘చాలా చదివినవాడు’ అనకుండా ‘చాలా విన్నవాడు’ అన్న కాలం నాటి మాట అది.

నిఘంటువులు శ్రుతికి అర్థాలిస్తూ అంకెలు వేసి విడగొడతాయి. ఒకటి వేదం. రెండు, సంగీతంలో స్థాయిని విభజించే సూక్ష్మ అంతరం. మూడు, పాట వెనక ఆగకుండా మోగే ఆధార నాదం. వాడుకలో మూడోదే మనకు దగ్గర. ‘మీ శ్రుతి ఎంత?’ అని అడిగితే గాయని ‘ఐదున్నర’ అంటుంది. అది హార్మోనియం మెట్ల లెక్క. శ్రుతి కలిసింది, శ్రుతి పట్టుకో, శ్రుతి తప్పావు అన్నవన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే.

ఆ అంకెలు చెరిపేయాలనిపిస్తుంది నాకు. వేదాన్ని అపౌరుషేయమన్నారు. ఎవరూ రాసింది కాదు, ఋషులు విన్నది. తంబురా శ్రుతి సంగతీ అంతే. గాయకుడు గొంతు విప్పకముందే అది మోగుతూ ఉంటుంది. అతను చేయగలిగిందల్లా దాన్ని విని అందులో చేరడం. రెండుచోట్లా వస్తువు ముందే ఉంది, మనిషి తర్వాత వచ్చాడు. ఇటలీలో జచింతో షెల్సీ అనే జమీందారీ వంశీకుడుండేవాడు. 1905లో పుట్టి 1988లో పోయాడు. తనను స్వరకర్త అనొద్దనీ, ఎక్కడి నుంచో వచ్చేదాన్ని చేరవేసేవాడిననీ అనేవాడు. 1959లో వాద్యబృందం కోసం నాలుగు భాగాల రచన చేశాడు. ఒక్కో భాగానికి ఒక్కటంటే ఒక్కటే స్వరం. ఆ ఒక్క స్వరమే కాస్త ఎగువకు, కాస్త దిగువకు ఒరుగుతూ, రంగు మారుతూ, ఉబ్బుతూ సాగుతుంది. అపౌరుషేయమన్న మాట షెల్సీకి తెలుసో లేదో గానీ, ఆయన చెప్పుకున్నది మాత్రం దాన్నే.

రెండో అర్థం దగ్గర ఇంకాస్త ఆగాలి. నాట్యశాస్త్రంలో భరతుడు స్థాయికి 22 శ్రుతులన్నాడు. అనడమే కాదు, రుజువు చేసుకునే దారి కూడా చెప్పాడు. రెండు వీణల్ని అచ్చంగా ఒకేలా శ్రుతి చేయాలి. ఒకదాన్ని కదపకూడదు. రెండోదాంట్లో పంచమాన్ని చెవికి తేడా తెలిసేంత మాత్రమే దించి, మిగతా స్వరాల్నీ అంత మేరకే దించాలి. అప్పుడు రెండు వీణల్లో ఏ స్వరమూ ఏ స్వరంతోనూ కలవదు. మళ్లీ అంత దించితే ఈ వీణ గాంధార నిషాదాలు ఆ వీణ రిషభ ధైవతాల్లో కలుస్తాయి. మూడోసారికి రిషభ ధైవతాలు షడ్జ పంచమాల్లో, నాలుగోసారికి షడ్జ మధ్యమ పంచమాలు కింది స్వరాల్లో. అంతా చెవి పనే. కొలబద్ద లేదు, గణితం లేదు. ఈ 22కు భిన్నాల పట్టికలు కట్టి తగువులాడుకున్న గ్రంథాలు చాలా ఉన్నాయి. ఆ తగువులోకి దిగను. నాకు ముఖ్యమనిపించేది మొదటి మెట్టు. ఏ స్వరమూ దేనితోనూ కలవని ఆ స్థితిని భరతుడు తప్పు అనలేదు. ప్రయోగం అక్కడే మొదలవుతుంది.

ఇదే చర్చను 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో విస్తరించాడు. దాని మీద సంగీతసుధాకరమనే వ్యాఖ్య ఉంది. అది నల్గొండ ప్రాంతపు రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడిదని మన సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆ రత్నాకరంలోని 120 దేశీతాళాల పట్టిక ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞానకోశం ద్వారా పారిస్ చేరి ఒలివియే మెస్సియాన్ చేతిలో పడింది. ఆయన గట్టి కాథలిక్కు. 1931 నుంచి చనిపోయేదాకా పారిస్‌లో ఒకే చర్చిలో ఆర్గన్ వాయించాడు. జర్మన్ యుద్ధఖైదీల శిబిరంలో రాసి 1941 జనవరిలో అక్కడే వినిపించిన చతుష్టయంలో రాగవర్ధనం, చంద్రకళ, లక్ష్మీశం అనే తాళాలు వాడాడు. తర్వాతి సింఫనీకి తురంగలీల అని మన తాళం పేరే పెట్టుకున్నాడు. కానీ మెస్సియాన్ కథ లయకు చెందింది. శ్రుతిని తల్లి, లయను తండ్రి అంటారు కదా. తండ్రి సంగతి మరోసారి.

శ్రుతినే పాటగా చేసిన మనిషి లా మాంటీ యంగ్. 1935లో అమెరికాలోని ఐడహోలో దుంగల గుడిసెలో పుట్టాడు. దుంగల సందుల్లో గాలి చేసే చప్పుడూ, కరెంటు స్తంభాల మీది ట్రాన్స్‌ఫార్మర్ల రొదా తన మొదటి సంగీతమని చెప్పుకున్నాడు. 1960 నాటి ఆయన రచన ఒకటుంది. రెండే స్వరాలు, బి, ఎఫ్ షార్ప్. వాటిని చాలాసేపు పట్టి ఉంచమని సూచన. అంతే. న్యూయార్క్ శ్రోతలకు అది పెద్ద ధిక్కారం. కర్ణాటక కచేరీ విన్న తెలుగువాడికి నవ్వొస్తుంది. అది సా, పా. మన తంబురా.

ఆ నవ్వుతో ఆగిపోతే నష్టం మనకే. ‘వాళ్లు ఇప్పుడు కనుక్కున్నది మన దగ్గర ఎప్పుడో ఉంది’ అనే గర్వం చవకగా దొరుకుతుంది. మన సభల్లో తంబురాకు జరుగుతున్నదేమిటి? తీగ కింద నూలుపోగు జరిపి జీవ పట్టేంతవరకూ ఓపిగ్గా సవరించే విద్య పోయి, అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ పెట్టె వచ్చింది. కచేరీ సాగినంతసేపూ అది మోగుతూనే ఉంటుంది, ఎవరూ వినరు. యంగ్ అడిగింది దాన్నే వినమని. ఆ తర్వాత ఆయన కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు. 1970లో ప్రాణ్‌నాథ్ అమెరికా వెళ్లాక దశాబ్దాల పాటు గురుసేవ చేశాడు. న్యూయార్క్ చర్చ్ స్ట్రీట్‌లో భార్య మరియన్ జజీలా దీపాల వెలుగులతో కలిపి 1993లో ఒక నాదగృహం ఏర్పాటు చేశాడు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. యంత్రాల నుంచి కొన్ని శుద్ధ స్వరాలు మార్పు లేకుండా మోగుతుంటాయి. కదలకుండా కూర్చుంటే ఒక స్వరసమూహం వినిపిస్తుంది. తల ఇటు వంచితే ఇంకొకటి. గదిలో ఒక్కో చోట తరంగాలు ఒక్కోలా కలుసుకోవడం వల్ల జరిగేది అది. భౌతికశాస్త్రం తప్ప మాయేమీ లేదు. వినేవాడే వీణ మెట్ల మీద వేలై తిరుగుతాడు. భరతుడి ప్రయోగానికి ఇది దగ్గర చుట్టం.

ఇప్పుడు అపశ్రుతి దగ్గరికి రావాలి. చెల్లో వాయించేవాళ్లకు ఒక బాధ ఉంది. వాద్యపు చెక్క పెట్టెకు తనదంటూ ఒక సహజ నాదం ఉంటుంది. తీగ మీద పలికే స్వరం సరిగ్గా దాని దగ్గరికి వచ్చినప్పుడు తీగా పెట్టే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. స్వరం నిలవదు, వణికి, నత్తి కొట్టి, గుర్రుమంటుంది. వాళ్లు దాన్ని తోడేలు అంటారు. అది కూయకుండా తీగకు చిన్న లోహపు గొట్టం తగిలించి నోరు కట్టేస్తారు. మంచి చెల్లోల్లో తోడేలు మరింత గట్టిగా ఉంటుందని కూడా ఒక మాట.

ఫ్రాన్స్‌లో ఎలియాన్ రాదీగ్ అనే ఆమె 2005లో చార్లెస్ కర్టిస్ అనే చెల్లో విద్వాంసుడి కోసం సుమారు గంటసేపు సాగే రచన చేసింది. పేరు నల్జోర్లక్. టిబెటన్‌లో యోగానికి వాడే మాట నుంచి అల్లుకున్న పేరు. ఆ రచనకు ఆధార శ్రుతి ఏమిటంటే ఆ తోడేలే. తీగలన్నిటినీ, తీగల్ని కింద పట్టి ఉంచే భాగాన్నీ, నేలకు ఆనించే ఊచనూ వీలైనంతగా ఆ స్వరం దగ్గరికే సవరించారు. అందరూ తరిమే స్వరాన్ని నడింట్లో కూర్చోబెట్టారు. ఇక కమాను నెమ్మదిగా కదులుతుంటే నిలకడైన స్వరమంటూ ఉండదు. కొట్టుకుంటుంది, విడిపోతుంది, పైన ఎక్కడో సన్నని ఈలల్లాంటి అనుస్వరాలు మొలుస్తాయి, అవి తీగవా గదివా మన చెవివా తేలదు. పావుగంట గడిచేసరికి ‘తప్పు స్వరం’ అన్న మాటకు అర్థం పోతుంది. దేనితో పోల్చి తప్పనాలి?

రాదీగ్ అక్కడికి ఊరికే రాలేదు. అంతకుముందు మూడు దశాబ్దాలు ఒకే సింథసైజర్, ఏఆర్‌పీ 2500, దాంతో పాటు టేపులు. స్వరాలు నొక్కే కీబోర్డు అక్కర్లేదని వదిలేసి, మీటలూ బిరడాలూ వెంట్రుకవాసి తిప్పుతూ పనిచేసింది. కలిపేటప్పుడు ఎక్కడైనా చేయి తడబడితే మొదటికి రావలసిందే. 1974లో ఆమె రచన విన్న కొందరు విద్యార్థులు టిబెటన్ బౌద్ధం గురించి చెప్పారు. ఆ దారి పట్టి కొన్నేళ్లు సంగీతం పక్కన పెట్టేసింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టి 1988 నుంచి 1993 దాకా మూడు భాగాల మరణత్రయం చేసింది. మొదటిది, చావుకూ మరుజన్మకూ నడుమ దశలు చెప్పే టిబెటన్ గ్రంథం ఆధారంగా. రెండోది కైలాసగిరి ప్రదక్షిణ, మనసులోనే. మొదటి భాగం పూర్తయ్యాక ఆమె కొడుకు కారు ప్రమాదంలో పోయాడు. ఆ త్రయంలో మాటలు లేవు, శ్లోకం లేదు, గంట లేదు. కైలాసమని తెలియనివాడికి ఏమీ తెలియదు. అయినా అది ప్రార్థన కాదని ఎవరూ అనలేరు.

ఎందుకనలేరో చెప్పడానికి రెండు తెలుగు మాటలు పక్కపక్కన పెడతాను. మంచి సంగీతాన్ని మనం ‘వీనులవిందు’ అంటాం. వీను అంటే చెవి. శ్రోత అతిథి, పాట భోజనం. కూర్చుంటే వడ్డిస్తారు, రుచులు బాగుండటం వడ్డించేవాళ్ల పూచీ. ఆస్థానాల్లో, పెళ్లిళ్లలో, సినిమా హాళ్లలో పెరిగిన చెవికి ఇది న్యాయమే. ‘శ్రావ్యం’ అన్న మాటను కూడా ఆ విందుకే కుదించేశాం, తియ్యనిది అనే అర్థంలో. వ్యాకరణం చెప్పేది అంతవరకే కాదు. వినవలసినదీ వినదగినదీ శ్రావ్యమే. తోడేలు స్వరం తియ్యగా లేకపోవచ్చు, శ్రావ్యం మాత్రం అవుతుంది.

రెండో మాట శుశ్రూష. ఆసుపత్రి వాసన వేసే మాట. రోగికి పక్కన ఉండి చేసే సేవ. దాని లోపల ఉన్నది ‘శ్రు’ ధాతువేనని చాలామందికి తట్టదు. తాగాలన్న కోరిక పిపాస, తెలుసుకోవాలన్నది జిజ్ఞాస, విడుదల కావాలన్నది ముముక్ష. అదే అచ్చులో పోసిన మాట శుశ్రూష: వినాలన్న కోరిక. (ఆసుపత్రిలోని మరో మాట చికిత్స కూడా ఆ అచ్చులోదే; అది వేరే కథ.) వినాలన్న కోరిక గలవాడు గురువు దగ్గర మసలుతాడు. ఎప్పుడు ఏం పలుకుతాడోనని కనిపెట్టుకుని ఉంటాడు. అలా ఉన్నవాడు నీళ్లు తెస్తాడు, కాళ్లు పడతాడు, జబ్బు చేస్తే రాత్రంతా మేలుకుంటాడు. వినడం సేవగా మారింది ఆ దారినే. అచ్చ తెలుగు కూడా అదే చెబుతుంది: ‘మాట వినడు’ అంటే చెవుడని కాదు కదా. ఇక్కడ కొందరు వినయాన్ని కూడా ‘విను’తో కలిపేస్తుంటారు. అది కుదరదు, వినయంలో ఉన్నది ‘నీ’ ధాతువు.

కొత్త సంగీతం చాలామందిని నొప్పించేది విందుకని వెళ్లినవాళ్లకు శుశ్రూష అప్పగించడం వల్ల. రాదీగ్ గంటలో వడ్డన లేదు. రోగి ఊపిరి మారిందా అని కనిపెట్టే మనిషిలా స్వరం పక్కన కూర్చోవాలి. అలా కూర్చున్నవాడికి తన సంగతి కాసేపు మరుపుకు వస్తుంది. ఆధ్యాత్మికమని మనం అనేదాంట్లో ఇంతకన్నా నమ్మదగిన భాగం నాకు కనిపించలేదు. త్యాగరాజు నాదోపాసన మీద విడిగా కృతులు కట్టాడంటే, సాహిత్యంతో పాటు నాదం కూడా ఉపాస్యమేనని ఆయన లెక్క. మన టీవీల్లో ‘ఆధ్యాత్మిక సంగీతం’ అంటే దేవుడి పేరున్న పాట, వెనక పిల్లనగ్రోవి. పేరు తీసేస్తే సబ్బు ప్రకటనకూ పనికొస్తుంది.

అటువైపూ మోసాలున్నాయి. రెండు స్వరాలు పట్టి ఉంచి, అట్ట మీద ఓంకారం అచ్చేసి, తపస్సని అమ్మేవాళ్లు కోకొల్లలు. ఎక్కువసేపు సాగినంత మాత్రాన లోతు రాదు. తేడా చెవికి తెలుస్తుంది: మంచి రచనలో స్వరం నిలిచే ఉన్నా లోపల పని జరుగుతుంటుంది, నకిలీలో మీట నొక్కి మనిషి వెళ్లిపోయాడని తెలిసిపోతుంది.

మనకో సామెత ఉంది: శ్రుతి మించి రాగాన పడటం. సరసం హద్దు దాటినప్పుడో, తగువు ముదిరినప్పుడో వాడతాం. ఆ మాటను పొగడ్తగా వాడాలనిపించేది ఒక్క ఆలిస్ కోల్ట్రేన్ విషయంలోనే. 1937లో డెట్రాయిట్‌లో పుట్టిన నల్లజాతి అమెరికన్. చిన్నప్పుడు చర్చిలో వాయించింది. జాజ్ పియానో, హార్ప్ విద్వాంసురాలయింది. భర్త జాన్ కోల్ట్రేన్ 1967లో చనిపోయాక స్వామి సచ్చిదానంద దగ్గరికి చేరింది. 1971 నాటి ఆమె ఆల్బమ్ ఆయన పేరు మీదే. అందులో తంబురా మోగుతుంది. తర్వాత తురీయసంగీతానంద అయింది. పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలైంది. లాస్ ఏంజలిస్ పక్కన అగోరా హిల్స్‌లో 1983లో సాయి అనంతం ఆశ్రమం పెట్టింది.

అక్కడి భజనలు క్యాసెట్లుగా ఆశ్రమవాసుల మధ్యే తిరిగాయి. బయటి శ్రోతలకు ఒక సంపుటంగా అందింది 2017లో, ఆమె పోయిన పదేళ్లకు. ఒకరు పాడితే అందరూ అందుకునే పుట్టపర్తి పద్ధతి, చప్పట్లు, నల్లవాళ్ల చర్చి గొంతులు, ఆర్గన్. ఇంతవరకూ ఇదొక చక్కని కలయిక, అంతే. అప్పుడు ఆమె సింథసైజర్ అందుకుంటుంది. స్వరం మెట్లు వదిలేసి జారడం మొదలవుతుంది. పైకి, ఇంకా పైకి, ఏ శ్రుతిలోనూ ఆగకుండా, విమానం లేస్తున్నట్టు. కింద జనం భజన తమ శ్రుతిలోనే పాడుకుంటుంటారు. రెండూ కలవవు, విడిపోవు. మన భజన మందిరంలో ఎవరైనా ఇలా వాయిస్తే హార్మోనియం మాస్టారు లేచి ప్లగ్గు పీకేస్తాడు. అక్కడ మాత్రం అది ఆరాధనలో భాగమైంది, ఎందుకంటే వాయిస్తున్నది ఆ గుంపుకు గురువు. 2018 నవంబరులో కార్చిచ్చుకు ఆశ్రమ భవనం కాలిపోయింది. పాటలు మిగిలాయి. పుట్టపర్తి పేరు మీద ఇంత సాహసం చేసిన సంగీతం తెలుగునాట ఇంకా రాలేదన్నది నా తీర్పు. కాదనేవాళ్లు వినిపిస్తే సంతోషంగా వింటాను.

ఇదంతా చదివి ప్రయత్నిద్దామనుకున్నవాళ్లకు ఒక మాట. ముందు రాదీగ్ జోలికి పోకండి. ఇంట్లో శ్రుతిపెట్టె ఉంటే పాట లేకుండా అరగంట మోగనివ్వండి. తల అటూ ఇటూ తిప్పి ఏం మారుతుందో కనిపెట్టండి. తర్వాత ఆలిస్ భజనలు, అవి అలవాటయ్యాక షెల్సీ ఒక్క స్వరపు రచనలు, చివర నల్జోర్లక్. మొదటి పది నిమిషాలు విసుగొస్తుంది, సహజం, లేవకండి. ఫోన్ స్పీకరులో మాత్రం వినొద్దు. చెల్లో కింది స్వరాలు అందులో పలకవు.